థియేటర్‌లో తప్పకూడని లెక్క

ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరచిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆసుపత్రి ముందు బంధువుల ధర్నా, ఆ వెంటనే ఒక విచారణ కమిటీ, ఆపై ఎవరో ఒక నర్సుపైనో డాక్టరుపైనో చర్య మామూలైపోయాయి. కుట్లు వేయడానికి ముందు గాజ్ గుడ్డలు, మాపులు (రక్తం అద్దే పెద్ద గుడ్డలు), కత్తెరలు, సూదులు ఎవరు లెక్కించారో, ఆ లెక్కను ఎవరు సరిచూశారో మాత్రం ఎక్కడా బయటకు రాదు.

రక్తంలో తడిసిన గాజ్ ముద్ద పేగుల మడతల్లో కలిసిపోయి కంటికి ఆనదు. కొందరిలో అది వారాల్లోనే చీము పట్టిస్తే, మరికొందరిలో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండి, చివరికి స్కానింగ్‌లో గడ్డలా కనిపించి కేన్సరేమోనన్న భయం పుట్టిస్తుంది. అందుకే ఎక్స్‌రేలో కనిపించే దారం నేసిన గాజ్‌ను వాడాలంటారు. నాలుగు డబ్బులు మిగులుతాయని దారం లేని గుడ్డను కొనడం క్షమించరానిది. అమెరికాలో 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, వస్తువులు లోపల ఉండిపోయిన కేసుల్లో లెక్కంటూ పెట్టినవాటిలో 88 శాతం చోట్ల ‘లెక్క సరిపోయింది’ అనే రాసి ఉంది. అత్యవసర ఆపరేషన్లలో ఈ ముప్పు తొమ్మిది రెట్లు ఎక్కువని కూడా అదే అధ్యయనం తేల్చింది.

ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి అర్ధరాత్రి 108లో వరంగల్ చేరే గర్భిణుల విషయంలో ఈ మాటను మరింత పట్టించుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే అయిన రాష్ట్రం మన తెలంగాణ. ఒకే నర్సు పరికరాలు అందిస్తూ, బిడ్డను చూస్తూ, లెక్క కూడా పెట్టవలసి వస్తే, తప్పు జరిగిన తర్వాత ఆమెను సస్పెండ్ చేయడం న్యాయమనిపించుకోదు. కోతకు ముందు, కడుపు మూసే ముందు, చర్మం కుట్టేటప్పుడు ఇద్దరు కలిసి పైకి చదువుతూ లెక్కించాలి. లెక్క తేడా వస్తే ఎక్స్‌రే తీసి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన తనిఖీ పట్టికలోనూ రోగి థియేటర్ దాటకముందే ఈ లెక్క చెప్పాలని ఉంది.

మహారాష్ట్రలో 1993లో ఆపరేషన్ చేయించుకున్న ఒక మహిళ కడుపులో 2002లో గాజ్ బయటపడింది. ఆమె 2004లో ఫిర్యాదు చేస్తే, గడువు మీరిందంటూ 2010లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు రెండేళ్లే కనుక, లెక్కించినవారి సంతకాలతో కూడిన పట్టిక నకలును డిశ్చార్జి కాగితాలతోపాటే రోగి చేతికివ్వాలని, జిల్లా వైద్యాధికారులు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో తనిఖీకి వెళ్లినప్పుడు మొదట ఆ పట్టికలనే అడిగి చూడాలని కోరుతున్నాం.