సవరణ: జెర్వీనోస్ ఊరు, ఊలా ఊట

లిథువేనియా దక్షిణాన, పైన్ అడవుల మధ్య, ఊలా నది ఒడ్డున ఉన్న జెర్వీనోస్ గురించి పెట్టిన పోస్టులో రెండు వివరాలు మార్చాలి.

ఊలా కన్ను అనే ఊట జెర్వీనోస్‌లోనే ఉందని అందులో ఉంది. అది ఉన్నది అదే ఊలా నది ఒడ్డున, మాంచ్యాగిరే అనే పల్లె దగ్గర. అడుగున బూడిదరంగు ఇసుక కుతకుతా ఉడుకుతున్నట్టు పైకి లేస్తూనే ఉంటుంది. చూసి వేడినీళ్ల బుగ్గ అనుకోకండి, నీళ్లు మాత్రం చల్లగా జిల్లుమంటాయి. గడ్డకట్టే చలిలోనూ ఆ కదలిక ఆగదు. దయచేసి అందులోకి దిగకండి, కర్రలతో కెలకకండి.

రెండోది, చెప్కేలియై చిత్తడి నేల. దాన్ని జెర్వీనోస్ ఉన్న జూకియా జాతీయ ఉద్యానవనంలో భాగంగా రాశాం. నిజానికి అది వేరే రక్షిత ప్రాంతం. 1975లోనే ఏర్పడింది, ఉద్యానవనం వచ్చింది 1991లో. ఈ తేడా వెళ్లేవాళ్లకు ముఖ్యం: ఊళ్లు, నది ఉన్న ఉద్యానవనంలో తిరిగినట్టు చెప్కేలియైలో ఇష్టమొచ్చినట్టు తిరగడానికి లేదు, అనుమతి కావాలి. దేశంలోకెల్లా పెద్ద బురదనేల అది, కొంగలూ అడవికోళ్లూ గుడ్లు పెట్టే చోటు. ఆ కట్టుబాటు ఉండాల్సిందే.

తేనె చెట్ల గురించి అడిగినవాళ్లకు: బతికున్న పైన్ మానులోనే, బాగా ఎత్తున తొర్ర తొలిచి తేనెటీగలకు వదిలేవారు. తాడు సాయంతో ఎక్కి తేనె తీసేవారు. అలాంటి పాత చెట్లు జెర్వీనోస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ పని ఇంకా చేసి చూపించేది మాత్రం ముస్తెయికా ఊళ్లో.

రాజధాని విల్నియస్ నుంచి మార్ట్సింకోనిస్ వెళ్లే రైలు జెర్వీనోస్‌లో ఆగుతుందన్న మాట సరైనదే.