హోర్డింగుపై ముఖం పెద్దది, నెంబరు చిన్నది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఇంటింటికీ వెళ్లి అడిగేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు, లేదా కడుపుతో ఉన్నారు. ప్రతి ఎనిమిది మందిలో ఒకరన్నమాట. దేశ సగటు 6.8 శాతం. 2015-16 సర్వేలో మన రాష్ట్రం అంకె 11.8. ఆ మధ్యకాలంలో దేశం 7.9 నుంచి కిందికి దిగితే మనం పైకెక్కాం. 18 నిండకుండా పెళ్లయినవారి వాటా మాత్రం దాదాపు 33 నుంచి 29.3 శాతానికి తగ్గింది. ఈ రెండు లెక్కలూ ఒకే వయసువారివి కావు. పెళ్లి లెక్క 20-24 ఏళ్ల వారిని అడిగి తీసింది, అంటే కొన్నేళ్ల కిందటి మాట. గర్భం లెక్క సర్వే నాటి పిల్లలది. ఇందులో 18, 19 నిండి చట్టప్రకారం పెళ్లి చేసుకున్నవారూ ఉన్నారన్నది నిజమే. అయినా బాల్య వివాహాలు తగ్గిపోతున్నాయని నిశ్చింతగా కూర్చునే పరిస్థితి లేదు. 2024 నవంబర్ 27న కేంద్రం బాల్య వివాహ రహిత భారత్ ప్రచారం మొదలుపెడుతూ ప్రత్యేక దృష్టి అవసరమని చెప్పిన ఏడు రాష్ట్రాల్లో దక్షిణాది నుంచి ఉన్నది మనమొక్కరమే.

విశాఖ జిల్లాకు ఈ లెక్కలు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఈ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మొత్తం 1,034. వధువుల్లో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, ముగ్గురికి ఏడాది. 1897లో అచ్చయిన తన ‘కన్యాశుల్కం’ నాటకానికి ముందుమాట రాస్తూ గురజాడ ఈ అంకెలు ఇచ్చారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోకపోవడమే ఆ కుటుంబాలకు లాభం కనుక ఈ జాబితా పూర్తి కాదని కూడా హెచ్చరించారు. దాచిపెట్టే విషయం మారింది, దాచడం మారలేదు. అప్పుడు సొమ్ము దాచేవారు, ఇప్పుడు వయసు దాస్తున్నారు.

ఇలాంటి అంకెలు బయటికొచ్చిన ప్రతిసారీ ఒక సలహా వినిపిస్తుంది: పేరున్న హీరోనో, హీరోయిన్‌నో, క్రికెటర్‌నో పిలిచి ప్రచారం చేయించాలని. వద్దని మేమనం. పోలియో విషయంలో అమితాబ్ బచ్చన్ గొంతు ఏం చేసిందో దేశమంతా చూసింది. అయితే ఆ ప్రకటన ఏం చెప్పిందో గుర్తు చేసుకోవాలి. ఫలానా ఆదివారం, ఐదేళ్లలోపు పిల్లలు, దగ్గరలోని బూత్, రెండు చుక్కలు. ఆ ఆదివారం ఉదయం బూత్ తెరిచే ఉండేది. అక్కడికి రాని ఇళ్లకు మర్నాటి నుంచి సిబ్బందే వెళ్లి పిల్లల వేలికి గుర్తు పెట్టి, తలుపు మీద సుద్దముక్కతో రాసి వచ్చేవారు. 2011 జనవరి 13న హౌరాలో బయటపడిన కేసే దేశంలో ఆఖరిది. తార గొంతు జనాన్ని బయల్దేరదీసింది, వాళ్లు చేరుకున్నచోట ఐస్‌బాక్స్‌తో ఒక మనిషి కూర్చుని ఉంది.

ఆ రెండో సగం లేకపోతే ఏమవుతుందో చెప్పే అనుభవాలు బయటి దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో టీనేజీ గర్భాల నివారణ కోసం పనిచేసే ఒక ఫౌండేషన్ 2009లో ఓ రాజకీయ నాయకురాలి కుమార్తెను రాయబారిగా పెట్టుకుని ఆమెకు 2,62,500 డాలర్లు చెల్లించింది. అదే ఏడాది ఈ పని చేసే సంస్థలకు గ్రాంట్లుగా ఇచ్చింది 35,000 డాలర్లు. ఆస్ట్రేలియాలో మరో ముచ్చటైన ప్రయోగం చేశారు. ఏడుస్తూ పాలు అడిగే ఎలక్ట్రానిక్ బొమ్మలను బడిపిల్లలకు ఇంటికిచ్చి పంపితే తల్లి కావడం ఎంత కష్టమో తెలిసి జాగ్రత్తపడతారని ఆశించారు. 57 బడుల్లో 2,800 మందికి పైగా బాలికలను 20 ఏళ్లు వచ్చేదాకా గమనించి 2016లో లాన్సెట్ పత్రికలో ఫలితం వెల్లడించారు. బొమ్మ తీసుకున్నవారిలో 8 శాతం మంది బిడ్డను కన్నారు, తీసుకోనివారిలో 4 శాతం. ఇంగ్లండ్ 1999లో పదేళ్ల ప్రణాళిక వేసుకుని బడిలో పాఠం, అమ్మాయిలు జంకు లేకుండా వెళ్లగలిగే క్లినిక్, ప్రతి స్థానిక సంస్థకూ లక్ష్యం పెట్టుకుంది. 1998తో పోలిస్తే 2014 నాటికి అక్కడ 18 లోపు గర్భాలు సగానికి పైగా తగ్గాయి.

ఆ దేశాల ప్రచార వాక్యాలను తెలుగు చేసి ఇక్కడ అతికిస్తే పనికిరావు. అక్కడి సమస్య చాలావరకు పెళ్లికి ముందు వచ్చే గర్భం. ఇక్కడ చాలావరకు పెళ్లి చేశాక వచ్చేది. మోసపోయే పిల్లలు, అఘాయిత్యానికి గురైనవారు, ఇల్లు వదిలి వెళ్లిపోయిన జంటలు మన దగ్గరా ఉన్నారు, వారి అవసరాలు వేరు. కానీ ఎక్కువమంది విషయంలో సంబంధం చూసింది నాన్న, ముహూర్తం పెట్టించింది పెదనాన్న, ఏడాది తిరక్కుండానే ‘ఏమైనా విశేషమా’ అని అడిగేది అత్తగారు. ఇంతమంది మధ్య నిలబడిన పదహారేళ్ల పిల్లకు ‘నీ భవిష్యత్తు నీ చేతుల్లోనే’ అని హీరోయిన్ చెప్పడంలో అర్థం లేదు. ఆమె చేతుల్లో ఏదీ లేదు. హీరో వచ్చి ఆ నాన్నతో మాట్లాడాలి. పెళ్లికొడుకుతో మాట్లాడాలి. భార్యకు 18 నిండకపోతే ఆమెతో కాపురం అత్యాచారం కిందే వస్తుందని 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఎంతమంది కొత్త పెళ్లికొడుకులకు తెలుసు? ఈ మాట మగవాడి నోట, అభిమానులున్న మగవాడి నోట రావాలి.

ఇక హోర్డింగు సంగతి. విశాఖలో ఎన్ఏడీ కొత్తరోడ్డులోనో, జగదాంబ కూడలిలోనో 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు బోర్డు అనుకుందాం. మామూలుగా సగం బోర్డు తార ముఖానికి, పావు వంతు నాయకుల ఫొటోలకు, మిగిలిన దాంట్లో నినాదం, కింద అంచున శాఖల చిహ్నాల పక్కన హెల్ప్‌లైన్ నెంబరు. దూరం నుంచి సుఖంగా చదవాలంటే ప్రతి పది అడుగులకు అంగుళం ఎత్తు అక్షరం కావాలన్నది బోర్డులు రాసేవారి లెక్క. 200 అడుగుల దూరంలో సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలోని అమ్మాయికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 కనిపించాలంటే ఆ నాలుగు అంకెలు 20 అంగుళాల ఎత్తుండాలి. ఆరంగుళాలకు కుదిస్తే 60 అడుగుల దగ్గరికి వస్తే గానీ తెలియదు, ఈలోగా పచ్చలైటు పడుతుంది. నెంబరు తర్వాత జనానికి కావలసింది ఒక్క వాక్యం: ‘మీ పేరు చెప్పక్కర్లేదు.’ పక్కింటి పెళ్లి ఆపించారన్న నింద భయంతోనే చాలామంది ఫోన్ ఎత్తరు.

ఫోన్ చేసేవారికి ఏం చెప్పాలో కూడా ప్రకటనే నేర్పాలి. ఊరు లేదా వార్డు, అమ్మాయి చదివిన బడి, పెళ్లి తేదీ, వేదిక. బడి పేరు ఎందుకంటే వయసు తేల్చేది అదే. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూడవలసింది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే కార్పొరేషన్ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ, అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. పెళ్లివారు ముందుగా చూపించేది మాత్రం ఆధారే.

తప్పు ఎక్కువగా జరిగేది వేళ దగ్గర. కబురు పెళ్లిరోజు రాత్రి వస్తుంది. అధికారుల బృందం చేరేసరికి మూడు ముళ్లూ పడిపోయి ఉంటాయి. ముందే వెళ్లగలిగినా తల్లిదండ్రుల చేత హామీపత్రం రాయించుకుని వచ్చేస్తారు. రెండు వారాల తర్వాత పెళ్లి మరో ఊళ్లో, మరో గుడిలో అయిపోతుంది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టంలో దీనికి మందు ఉంది. 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ నుంచి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, అత్యవసరమైతే అవతలివారికి నోటీసు లేకుండానే ఇస్తారు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి అసలు చెల్లదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోయిన పెళ్లిని రద్దు చేయించుకోవాలంటే అమ్మాయే కోర్టుకెక్కాలి, అదీ 20 ఏళ్లు నిండేలోగా. హామీపత్రానికీ కోర్టు ఉత్తర్వుకూ ఇంత తేడా ఉన్నప్పుడు ఐసీడీఎస్ (అంగన్‌వాడీల శాఖ) అధికారులు రెండోదాని కోసం ఎందుకు వెళ్లడం లేదని ప్రతి సమీక్షలో కలెక్టరు అడగాలి.

ప్రచారానికీ క్యాలెండరు కావాలి. బాలికా దినోత్సవం నాడు బీచ్‌రోడ్డులో పరుగు పెట్టి, టీషర్టులు పంచి, తారతో ఫొటోలు దిగితే ఆ సాయంత్రానికే మరిచిపోతారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు ముగిసిన నాటి నుంచి జూన్‌లో కాలేజీ తలుపులు తెరిచేదాకా అమ్మాయి ఏ హాజరుపట్టీలోనూ ఉండదు. బడి వదిలింది, ఇంటర్‌లో చేరలేదు. అక్షయ తృతీయ, వైశాఖ ముహూర్తాలు సరిగ్గా అప్పుడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో చేపల వేట నిషేధం కూడా అప్పుడే కనుక జాలరిపేట నుంచి భీమిలి దాకా మత్స్యకార కుటుంబాల్లో మగవారంతా ఒడ్డునే ఉంటారు. తండ్రులతో నేరుగా మాట్లాడటానికి ఏడాదిలో ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆ తర్వాత శ్రావణానికి ముందు ఒకసారి, మాఘానికి ముందు ఒకసారి. తార మూడుసార్లు రాలేకపోతే మూడు చిన్న ఆడియోలు రికార్డు చేసి ఇచ్చినా చాలు, వార్డు సచివాలయాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. పాడేరు, అరకు వైపు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో మాత్రం ఏ తార కంటే అక్కడి ఆశా కార్యకర్త గొంతే నయం.

గర్భం వచ్చాక జరిగేదాని గురించి ప్రచారాలు నోరు మెదపవు. 10-19 ఏళ్ల తల్లులకు గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే మూర్ఛ), కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్లు 20-24 ఏళ్ల వారికంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదమూ ఎక్కువే. దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి ముందే రక్తహీనత. పెళ్లికాకముందు హిమోగ్లోబిన్ 12 గ్రాములుండాలి, గర్భిణికి కనీసం 11. 8 గ్రాములతో కడుపు పండితే తొమ్మిది నెలల్లో దాన్ని సరిచేయడం చాలా కష్టం. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర విలువ ఇక్కడ తెలుస్తుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుంది, అందుకే చాలామంది మాత్రను కిటికీలోంచి పారేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక టీచర్ ఎదుటే మింగించాలి.

ఇలాంటి అమ్మాయికి మొదటి మూడు నెలల్లోనే రక్తపరీక్ష, బీపీ, స్కాన్ కావాలి. కానీ కుటుంబం ఐదో నెల దాకా దాస్తుంది. కారణం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) భయం. 18 నిండని గర్భిణి వస్తే పోలీసులకు తెలియజేయడం వైద్యుల విధి, తెలియజేయకపోతే ఆరు నెలల దాకా జైలు. ఆ చట్టం ఉండాలి, ఈ పిల్లలకు అదే రక్ష. దాని నీడలో ఆస్పత్రి గడప తొక్కడానికే జంకి, మందులషాపులో చీటీ లేకుండా గర్భస్రావం మాత్రలు కొని, సగంలో ఆగిపోయి, రక్తం కారుతూ అర్ధరాత్రి కేజీహెచ్‌కో ఘోషాసుపత్రికో వచ్చేవారిని ఎలా ఆపాలన్నదే ప్రశ్న. మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే పోలీసు సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సంరక్షకుల సంతకంతో 20 వారాల దాకా ఒక వైద్యుని అభిప్రాయంపై, మైనర్లకు 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంపై చట్టబద్ధంగా గర్భం తీయించుకోవచ్చు. ఈ రెండు సంగతులూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

పెళ్లయిపోయిన అమ్మాయిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం మరో లోపం. మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నారు. విరామం కోసం వాడే పద్ధతులు దాదాపు లేనట్టే. త్వరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లలోపే ఆపరేషన్: మన కుటుంబ నియంత్రణ నడిచిన దారి ఇది. తొలి బిడ్డను ఆపుకోవచ్చన్న ఆలోచన ఇళ్లలోకి చేరలేదు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి వేసుకునే ఛాయ మాత్ర, నిరోధ్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. ఇవి చెబితే పిల్లలు చెడిపోతారనేవారికి మా జవాబు ఇదే: పదిహేడేళ్లకు కాపురానికి పంపడానికి జంకని పెద్దలు మాత్ర పేరు చెప్పడానికి జంకడం తగదు.

తారలకు ఓ మాట. తెరమీద అమ్మాయి వద్దన్నా వెంటపడి, బడి యూనిఫారంలో ఉన్న పిల్లను ప్రేమలోకి దించడమే హీరోయిజమని రెండున్నర గంటలు చూపించి, ముప్పై సెకన్ల ప్రకటనలో ‘పెళ్లికి తొందరెందుకు’ అంటే కుర్రాళ్లు ఏది నమ్ముతారు? ఈ పనికి ఒప్పుకునేవారు అలాంటి పాత్రలు వదులుకోవాలి. పారితోషికం తీసుకోకూడదు. చిన్న వయసులో తల్లయిన అమ్మాయిని తెలివితక్కువదిగా చూపే స్క్రిప్టును తిరగ్గొట్టాలి. ఆమె మళ్లీ కాలేజీకి రావాలి మరి.

రాజకీయ నాయకులను మించిన తారలు ఈ రాష్ట్రంలో లేరు. సంతానోత్పత్తి రేటు 1.7కు పడిపోయిందని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని వేదికల మీద చెబుతున్నారు. 2024 నవంబర్‌లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఎత్తేశారు. ఆ విధానం మంచిచెడ్డలు వేరే చర్చ. కనమని చెప్పిన ప్రతిచోటా ‘ఇరవై దాటాకే’ అన్న రెండు మాటలు కలపడానికి ఖర్చేమీ లేదు.

వచ్చే మార్చికి ఎవరి ముఖం పెట్టాలన్న చర్చ మొదలయ్యేలోపు జిల్లా యంత్రాంగం ఒక పని చేయాలి. వార్డు ఏఎన్ఎంల గర్భిణుల రిజిస్టర్లు తీసి, వయసు గడిలో 18, 19 అని రాసి ఉన్న ప్రతి పేరునూ బడి రికార్డులో పుట్టినతేదీతో సరిచూడాలి. ఏ కుటుంబాన్నీ పోలీస్ స్టేషన్‌కు ఈడ్చడానికి కాదు. ఏ వార్డులో, ఏ నెలలో, ఏ బడి వదిలిన పిల్లలో తెలిస్తేనే హోర్డింగు ఏ కూడలిలో నిలబెట్టాలో తేలుతుంది.