పట్టాల మధ్య సందు లేకపోవడమే కారణమా?

గూడ్సు బళ్లు పట్టాలు తప్పడం మీద వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: “గూడ్సు పడిందంటే తప్పు లైనుదే. పూర్వం పట్టాల మధ్య సందు వదిలేవాళ్లు, ఇప్పుడంతా వెల్డింగే. ఎండకు సాగే చోటు లేక పట్టాలు వంకరపోతున్నాయి. మిషన్లు వచ్చాక లైను వెంట మనుషులు నడవడం దండగ. అయినా గూడ్సు మెల్లగా పోయేదే, లైను కాస్త అటూ ఇటూ ఉన్నా ఏం కాదు.”

సందు సంగతి వినడానికి సబబుగానే ఉంటుంది. కిలోమీటరు పట్టాను దాని మానాన వదిలేస్తే వేడి 30 డిగ్రీలు పెరిగేసరికి దాదాపు 35 సెంటీమీటర్లు సాగుతుంది. కానీ వెల్డు చేసిన పట్టాను సాగనివ్వరు. క్లిప్పులతో స్లీపర్లకు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెలకు బిగిస్తారు, స్లీపర్లను కంకర పట్టి ఉంచుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో అదే 30 డిగ్రీల పెరుగుదలకు సుమారు 55 టన్నుల బలం పుడుతుంది. పట్టా పక్కకు వంగకుండా ఆపేది ఆ కంకరే. స్లీపరు కొసల దగ్గర అది తగ్గినా, ట్యాంపింగ్‌తో (స్లీపర్ల కింద కంకరను కూరి గట్టిచేసే పనితో) అప్పుడే కదిలినా ఎండాకాలంలో భయమే. ట్యాంపింగ్ అయిన చోట బళ్ల వేగం తగ్గించేది అందుకే. ఇక ఆ పాత సందుల్లో వినపడే టకటక మనకు ముచ్చట, పట్టాకు సమ్మెట దెబ్బ. బోల్టు రంధ్రాల దగ్గర పగుళ్లు మొదలయ్యేవి అక్కడే.

మెల్లగా పోతే పడదా? చక్రానికి లోపలివైపు ఉండే అంచు పట్టా పైభాగం కంటే కిందికి దిగేది సుమారు 28 మిల్లీమీటర్లు, అంతే. మలుపులో బయటి పట్టాను ఎత్తుగా వేస్తారు. బండి మరీ నెమ్మదిగా వస్తే బరువు లోపలి పట్టా మీదికి ఒరిగి బయటి చక్రం తేలికవుతుంది. అక్కడే లైను మెలి తిరిగి ఉంటే ఆ అంచు పట్టా చెంపను పట్టుకుని పైకి ఎక్కేస్తుంది. ఖాళీ వ్యాగనైతే మరీ సులువు, అదిమిపట్టే బరువే లేదు కదా!

అల్ట్రాసోనిక్ మిషను పట్టా లోపలి పగులును పట్టిస్తుంది, కాదనను. రాలిపోయిన క్లిప్పు, పూడిన కాలవ దానికి పట్టవు. నడిచే మనిషి స్లీపరు చుట్టూ కంకర తెల్లబడిందేమో చూస్తాడు. రాళ్లు రాసుకుని పిండి అయితే వచ్చే తెలుపది. ఆ స్లీపరు కింద బోలు ఉందని, చక్రం ఎక్కినప్పుడల్లా దిగుతోందని అర్థం. వాన పడితే ఆ పిండే బురదై పైకి చిమ్ముతుంది.

పోనీ, తప్పంతా లైనుదేనా? 2023 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఈస్ట్ పాలస్తీన్ దగ్గర గూడ్సు 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. దర్యాప్తులో తేలింది చక్రపు బేరింగు వేడెక్కి విరిగిందని. అన్నట్టు, తప్పు లైనుదే అని మొదలెట్టిన సందేశమే చివరికొచ్చేసరికి లైను ఎలా ఉన్నా ఏం కాదంటోంది.