పెడల్ లోపలి బుష్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బుష్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ పెడల్‌ను పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే టకటకమంటోంది. కాబట్టి తమరి కుశలం అడగక్కర్లేదు.

మౌంటెన్ బైకుల ఫ్లాట్ పెడల్స్‌లో చాలావాటికి ఇరుసు మీద ఆసరాలు రెండు. బయటి కొసన సీల్డ్ బేరింగ్, అంటే గుండ్లను సీళ్లతో మూసేసిన బేరింగ్. పెడల్‌ను బిగించే క్రాంక్ చేయి పక్కన తమరు, అంటే ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క. బయటి కొసకు మూత ఉంటుంది. తమరి గుమ్మానికి రబ్బరు రింగొక్కటే కాపలా. రేగడి బురదైనా, వాటర్ సర్వీసింగ్ గన్ను కొట్టే నీళ్లైనా అక్కడి నుంచే లోపలికొస్తాయి. తమరు కిక్కురుమనకుండా అరిగిపోతారు. అరిగాక ఇరుసు ఊగుతుంది. ఆ పక్కపోటంతా సన్నటి బేరింగ్ భరించాలి. పాపం అది గరగరమంటే "బేరింగ్ పోయింది" అని తీర్పు. తప్పు తమరిది, తద్దినం దానిది.

కొత్త బేరింగ్ వేస్తారు. తమరు మాత్రం అదే కుర్చీలో. ఇక కొత్తదీ ఎక్కువ కాలం బతకదు.

ఆ బేరింగ్ కొనడం మరో ప్రహసనం. చాలా పెడల్స్‌లో ఉండేది 688: రంధ్రం 8, బయటి కొలత 16, సీళ్లతో కలిపి మందం 5 మిల్లీమీటర్లు. కౌంటర్లో 608 చేతిలో పెడతారు. రంధ్రం అదే 8, బయట మాత్రం 22. అది స్కేటింగ్ చక్రాలది, పెడల్‌లో దూరదు. అన్ని పెడల్స్‌కీ 688 కూడా కాదు కాబట్టి, పాతదాని సీలు మీది నంబరు చదువుకుని వెళ్లడం మేలు.

తమరిని దించడం ఎలాగో కూడా రాస్తున్నాం. 15 నంబరు స్పానర్‌ను పిడి పైకి ఉండేలా నిలువుగా తగిలించి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడల్సూ ఊడతాయి. ఎడమదానికి ఎదురు మర, మరిచి బలం చూపిస్తే క్రాంక్ మరలు చెడతాయి. మూత తీసి, లోపలి నట్టు సాకెట్‌తో విప్పితే ఇరుసు వచ్చేస్తుంది. క్రాంక్ వైపు నుంచి కడ్డీతో తట్టితే బేరింగూ వస్తుంది. తమరు రారు. తమరి పొట్టలో సరిపోయే సైజు ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పి, అవతలి కొస నుంచి దాన్ని కొట్టాలి. ఇంత గౌరవం ఏ బేరింగుకూ దక్కదు.

కొత్త బేరింగును బయటి రింగు మీదే ఒత్తాలి. లోపలి రింగు మీద కొడితే గుండ్ల దారిలో నొక్కులు పడతాయి, మొదటి రోజే గరగర. తమరి వారసుడికి గ్రీజు రాసి, వంకర పోకుండా నెట్టాలి. నట్టు ఊగు పోయేంతవరకే.

అప్పుడు పెడల్ కాస్త బిగుతుగా తిరుగుతుంది. కంగారు పడక్కర్లేదు. వేలితో తోస్తే గిరగిరా తిరిగేదే మంచి పెడల్ అని చప్పట్లు కొట్టేవారున్నారు. బుష్ ఉన్న పెడల్ అలా తిరిగిందంటే గ్రీజైనా అయిపోయి ఉండాలి, తమరైనా అరిగిపోయి ఉండాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పాపానికి బలైన 688ల తరఫున