అపోమాటాక్స్‌లో చెట్టు కింద ఇద్దరు

(ఊహించి రాసిందే. 1865 ఏప్రిల్ 9, వర్జీనియా, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల సేనాని జనరల్ లీ, ఉత్తరం సేనాని గ్రాంట్‌కి లొంగిపోయిన సాయంత్రం. ఉత్తరం వైపు ఒహాయో కుర్రాడు, దక్షిణం వైపు గుర్రపు దళంలో చేసిన వర్జీనియా రైతు. కుర్రాడిచ్చిన రాయిలాంటి బిస్కెట్ కొరకలేక ఆయన తంటాలు పడుతున్నాడు.)

దక్షిణం: గెలిచాం కదా అని నీతులు చెప్పకు అబ్బాయ్. మా ఊళ్ళ మీదకి మీరొచ్చారు, మీ ఒహాయోకి మేం రాలేదు.

ఉత్తరం: భలేవాడివే పెద్దాయనా, 63 జూలైలో మోర్గాన్ దండు ఎక్కడికొచ్చిందంటావ్? మా ఒహాయోలో దూరి గుర్రాలు తోలుకుపోయింది మీవాళ్ళే. అసలు సమ్టర్ కోట మీద మొదటి ఫిరంగి పేల్చిందెవరు?

దక్షిణం: అది సౌత్ కరొలైనా వాళ్ళ తొందర. మా వర్జీనియా ఆగింది, లింకన్ 75 వేలమంది సైనికులు కావాలన్నాకే దేశం నుంచి బయటికొచ్చాం. ఇష్టపడి చేరిన రాష్ట్రం ఇష్టం లేకపోతే పోతుంది, తప్పేంటి?

ఉత్తరం: రాష్ట్రాల హక్కా? మరి 1850లో పారిపోయిన బానిసల చట్టం తెచ్చి, మా ఊళ్ళో దాక్కున్న మనిషిని పట్టి మీ దొరలకి అప్పజెప్పాలి, దాచినోడికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నప్పుడు మా రాష్ట్రం హక్కు ఏ గంగలో కలిసింది? అప్పుడు వాషింగ్టన్ సర్కారు ముద్దొచ్చింది మీకు.

దక్షిణం: మీ లింకన్ మాత్రం? 63 జనవరిలో బానిసలకి విముక్తి అన్నాడు, తనవైపున్న కెంటకీ, మేరీలాండ్‌లలోని బానిసల జోలికి పోలేదే!

ఉత్తరం: పోలేదు, ఒప్పుకుంటా. కానీ ఇవాళ పొద్దున మీ దారికి అడ్డం నిలబడ్డ దళాల్లో నల్లవాళ్ళూ ఉన్నారు, చూశావా?

దక్షిణం: (కాసేపాగి) చూశా. ...నాకు ఒక్క బానిస కూడా లేడు.

ఉత్తరం: మరెందుకొచ్చావ్?

దక్షిణం: 62లో రిచ్మండ్‌లోని మా సర్కారు వాళ్ళు 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లోడు సైన్యంలోకి రాకుండా ఇంటిపట్టున ఉండొచ్చని రూల్ పెట్టారు. పక్క తోట దొర వరండాలో కూర్చున్నాడు, నేనూ తమ్ముడూ వచ్చాం. తమ్ముడు గెటిస్‌బర్గ్ యుద్ధంలోనే ఉండిపోయాడు.

ఉత్తరం: మాకూ 300 డాలర్లు కట్టినోడికి మినహాయింపే. ఆ కోపంతో న్యూయార్క్ జనం తిరగబడ్డారు, చంపింది మాత్రం నల్లవాళ్ళని. సిగ్గుచేటు.

దక్షిణం: సొంత గుర్రమైతే తీసుకెళ్ళొచ్చని గ్రాంట్ అన్నాడంట, నిజమేనా?

ఉత్తరం: నిజమే.

దక్షిణం: దుక్కి టైం దాటిపోతోంది. ఇంకో బిస్కెట్ ఉందా?