బంగాళాఖాతంలో బర్త్‌డే

మాది వైజాగ్, తుఫాను గురించి మాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చి మా వీధిలో చెట్టన్నది మిగల్చకుండా ఊడ్చుకుపోయింది, కానీ న్యాయంగా మాట్లాడాలంటే అది చెప్పే వచ్చింది. ఎటొస్తుందో ఏ రోజు తీరం దాటుతుందో వాతావరణ శాఖ వాళ్ళు ముందే మ్యాపేసి మరీ చూపించారు. మరి మా వాడి పుట్టినరోజో? ఆరేళ్ళుగా అదే నవంబరు, అదే తారీఖు, ఒక్కసారి కూడా దిశ మార్చుకోలేదు, ఒడిశా వైపు మళ్ళిపోలేదు, సముద్రంలోనే బలహీనపడిపోలేదు, అయినా ప్రతిసారీ మా ఇంట్లో అది ఆకస్మిక ప్రకృతి వైపరీత్యమే.

అందుకే ప్రభుత్వం వారికి ఒక విన్నపం. తుఫానుకి 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి హెచ్చరికలు ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది కదా, అదే పద్ధతి తండ్రులకి కూడా వర్తింపజేయాలి. ఎందుకంటారా, ఈసారి మా ఇంట్లో జరిగింది వినండి.

72 గంటల ముందు, అంటే గురువారం రాత్రి, మా ఆవిడ పెరుగన్నం కలుపుతూ "ఆదివారం గుర్తుంది కదండీ" అంది. "ఎందుకు గుర్తుండదు" అన్నాను. ఆదివారం ఏముందో నాకు తెలీదు. కరెంటు బిల్లేమో అనుకున్నాను.

శుక్రవారం సంగతి తెలిసింది. తెలిసేసరికి వాడు థీమ్ మార్చేశాడు. నెల నుంచీ డైనోసార్ డైనోసార్ అని చెవిలో జోరీగలా పోరాడు, దానికోసం మా ఆవిడ ఆకుపచ్చ బెలూన్లు కూడా తెప్పించింది, తీరా మా వీధిలో డ్రైనేజీ తవ్వడానికి జేసీబీ వచ్చింది, వాడు గేటు పట్టుకుని గంటసేపు చూశాడు, ఇప్పుడు జేసీబీ థీమే కావాలి. ఆకుపచ్చ జేసీబీ ఉండదా అని అడిగాను. వాడు నా వైపు చూసిన చూపు ఏ కొడుకూ తండ్రిని చూడకూడని చూపు.

ఇక కేకు. అది కార్తీకమాసం, కాబట్టి "గుడ్డేసిన కేకు ఇంట్లోకొస్తే నేను మీ అన్నయ్యింటికి పోతాను" అని అమ్మ ప్రకటించింది. ఎగ్‌లెస్, రెండు కేజీలు, పైన జేసీబీ, రేపటికల్లా. ఈ నాలుగు మాటలూ ఒకే వాక్యంలో వినగానే బేకరీ అబ్బాయి జాలిగా నవ్వి, పైనాపిల్ కేకు మీద చాక్లెట్ పొడి మట్టిలా పోసి, బొమ్మ మాత్రం మీరే తెచ్చుకోండి సార్ అన్నాడు. అడ్వాన్సు ఫుల్లుగా తీసుకున్నాడు.

శనివారం సాయంత్రం పూర్ణా మార్కెట్. శనివారం సాయంత్రం అక్కడ కాలు పెట్టడమంటే ఏంటో వెళ్ళినోళ్ళకే తెలుసు. రిటర్న్ గిఫ్టులు డజన్ల లెక్కన ఇస్తారు, మేము పిలిచింది 18 మంది పిల్లల్ని, కాబట్టి 24 కొనాలి. ఏం కొనాలి అన్నది ఇంకో పెద్ద చర్చ, ఎందుకంటే పై ఫ్లాట్ వాళ్ళు పోయినసారి స్టీలు వాటర్ బాటిళ్ళు ఇచ్చి మార్కెట్ పాడుచేసేశారు, ఇప్పుడు పెన్సిల్ బాక్స్ ఇస్తే మన ఆర్థిక పరిస్థితి మీద అపార్ట్‌మెంట్ అంతా సానుభూతి చూపిస్తుంది. చివరికి పిగ్గీ బ్యాంకులు కొన్నాం. పొదుపు నేర్పుతున్నట్టు ఉంటుంది, మన పొదుపు కనపడదు.

సరిగ్గా ఆ టైంలో నా ఫోన్ స్విచాఫ్ అయింది. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు మొత్తం 11 ఉంటాయి. పదో నంబరే అన్నిటికంటే భయంకరం అనుకుంటాం గానీ పదకొండోది ఒకటుంది, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఇంటికొచ్చి ఛార్జింగ్ పెడితే హెచ్చరిక కేంద్రం నుంచి 23 మిస్డ్ కాల్స్. పసుపు బెలూన్లు మర్చిపోవద్దని చెప్పడానికంట. మర్చిపోయాను.

అతిథులు ఎంతమందో ఆఖరి నిమిషం దాకా తేలలేదు. వాట్సాప్‌లో పిలిస్తే అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు, అది వస్తామనా, చూశామనా? పైగా అది కార్తీకమాసం ఆదివారం, సగం ఊరు కంబాలకొండలోనో బీచ్ పక్క తోటల్లోనో వనభోజనాల్లో ఉంటుంది, ఎవరొస్తార్లే అని నేనే ధైర్యం చెప్పి సమోసాలు 40తో సరిపెట్టాను. వచ్చారు. ఉసిరిచెట్టు కింద నుంచి డైరెక్టుగా, చుట్టాల్ని కూడా వెంటేసుకుని వచ్చారు. "పులిహోర ఫుల్లుగా తిన్నామండీ, ఏమీ వద్దు" అంటూనే తలా మూడు సమోసాలు తిన్నారు. పిల్లలు 18 కాదు, 27. పిగ్గీ బ్యాంకులు 24. ఆ మిగతా ముగ్గురికీ మా ఆవిడ మా ఇంట్లో స్టీలు వాటర్ బాటిళ్ళే ఇచ్చేసింది, అవును, పోయినేడాది పై ఫ్లాట్ వాళ్ళిచ్చినవే, అందులో ఒకటి పై ఫ్లాట్ వాళ్ళ చెల్లెలి కొడుక్కే వెళ్ళింది.

రాత్రి 7:40కి కేకు తీరం దాటింది. ఆ సమయంలో బెలూన్ ఆర్చ్ గోడ పెయింటుతో సహా ఊడి మా మావగారి మీద పడింది. ప్రాణనష్టం లేదు.

సోమవారం పొద్దున కేంద్ర బృందం పర్యటించింది, అంటే మా అమ్మ. గోడ చూసింది, సోఫా కింద సమోసా ముక్క చూసింది, చాక్లెట్ మట్టిలో కూరుకుపోయిన జేసీబీని వాడు ఇంకో జేసీబీతో లాగుతుంటే కాసేపు చూసింది, సాయం మాత్రం ఏమీ ప్రకటించలేదు. కాఫీ తాగి పంచాంగం తీసింది.

"ఏట్రా, ఈ హడావుడంతా ఇంగ్లీషు తారీకుకే కదా. తిథి ప్రకారం గుంటడి పుట్టినరోజు వచ్చే గురువారంరా. మీ అత్తగారోళ్ళందర్నీ భోజనాలకి పిలిచేశాను."