ఎగుమతికి సిద్ధంగా నాయకత్వం

కోనసీమ కొబ్బరి, ఆత్రేయపురం పూతరేకులు, భీమవరం రొయ్యలు. ఇన్నాళ్ళూ గోదావరి డెల్టా పేరు బయట నిలబెట్టిన సరుకు ఇదీ. ఇప్పుడు ఆ జాబితాలో నాయకత్వం కూడా చేరింది. భీమవరం దగ్గర మా బంధువుల కుర్రాడు, ఇంజినీరింగ్ రెండో ఏడు, ఆరు వారాలు వియత్నాం వెళ్ళి అక్కడి యువతకి నాయకత్వ లక్షణాలు నేర్పి వచ్చాడు. ఇలాంటివాటిని హర్షించాల్సిన బాధ్యత మాలాంటి రచయితల మీద ఉంటుంది కాబట్టి హర్షిస్తున్నాను.

అర్హతలంటారా? కాలేజీలో క్లాస్ రిప్రజెంటేటివ్‌గా నిలబడి ఓడిపోయాడు. ఓటమి రుచి చూసినవాడే అసలు నాయకుడని కార్యక్రమం నిర్వాహకులు ఎంతో సంతోషించి, ఫీజు కట్టించుకున్నారు.

ఐక్యరాజ్యసమితి 1970లో పెట్టిన వాలంటీర్ల కార్యక్రమంలో వెళ్ళినవాళ్ళకి జీవన భత్యం ఇస్తారు. అమెరికావాళ్ళు 1961లో మొదలుపెట్టిన పీస్ కోర్‌లో అయితే రెండేళ్ళ పైమాటే ఉండాలి, అక్కడి భాష నేర్చుకోవాలి. ఉత్త చాదస్తం. మనవాడి పద్ధతిలో ఫీజు మనదే, విమానం టికెట్టు మనదే, భాష గొడవ అసలే లేదు. తిరిగొచ్చాక రెజ్యూమేలో ఒక లైను, ఫోన్లో రెండొందల ఫొటోలు.

వెళ్ళే ముందు ఇంట్లో రిహార్సల్ వేశాడు. ఇరవై స్పఘెటీ పుల్లలు, గజం టేపు, గజం దారం ఇచ్చి, 18 నిమిషాల్లో గోపురం కట్టి కొసన మార్ష్‌మెల్లో అనే మెత్తటి మిఠాయి నిలబెట్టమంటారు. జట్టుగా పనిచేయడం నేర్పే ఆట, ప్రపంచమంతా ఆడిస్తారు. మార్ష్‌మెల్లో దొరక్క తాపేశ్వరం కాజా పెట్టాడు. పాకం కారి పుల్లలు మెత్తబడి గోపురం పక్కకి ఒరిగింది. వాళ్ళ మామ్మ చాలాసేపు చూసి, "అంత కష్టపడి పైన పెట్టడం దేనికిరా నాన్నా, కిందుండగానే తినెయ్యి" అంది. మేనేజ్‌మెంట్ గురువులు ఈ కోణం పరిశీలించినట్టు లేదు.

ఎదురింటి పిన్నిగారు కువైట్‌లో ఏళ్ళ తరబడి ఇంటిపని చేసి వచ్చిన మనిషి. సూట్‌కేసు చూసి పలకరించింది.

"జీతం ఎంతిస్తారు బాబూ?"

"జీతం ఉండదు పిన్నిగారూ, మనమే కట్టాలి."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఏజెంటు మోసం చేశాడేమో, ఓసారి కనుక్కో బాబూ."

పాపం, ఆవిడకి తేడా తెలియదు. పదో తరగతి పాసవ్వని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే మన ప్రభుత్వం లెక్కలో 30 ఏళ్ళు నిండాలి, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే వెళ్ళే ముందు ప్రభుత్వం తనిఖీ చెయ్యాలని ఉంటుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఇంకోళ్ళింట్లో అంట్లు తోమడం అంత బరువైన వ్యవహారం మరి. ఇంకో దేశం యువతకి దారి చూపించడానికి పంతొమ్మిదేళ్ళు చాలు.

మనవాడిని పంపింది మెకాంగ్ డెల్టాకి. అక్కడా వరి, అక్కడా కాలువలు, అక్కడా రొయ్యల చెరువులు. మన వనామీ రకం రొయ్యకి అంతర్జాతీయ మార్కెట్లో గట్టి పోటీ ఇచ్చేవాళ్ళలో ఆ దేశం ఒకటి. మనవాడి నాన్న ఆక్వా రైతు. సాగనంపుతూ "ఎలాగూ వెళ్తున్నావు, అక్కడ వంద కౌంటు ఎంత పలుకుతోందో కనుక్కురా" అన్నాడు. వంద కౌంటంటే కిలోకి వంద తూగే రొయ్య. ధర కనుక్కోవడం షెడ్యూల్లో లేదని కుర్రాడు మర్యాదగానే చెప్పాడు.

మూడో వారంలో, "సంక్షోభంలో నిర్ణయాలు" అనే క్లాసులో, అక్కడి కుర్రాడొకడు చెయ్యెత్తాడట. తెల్లవారుజామున కరెంటు పోయి, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగి, ఆక్సిజన్ అందక రొయ్య పైకి తేలితే మీ ఊళ్ళో ఏం చేస్తారని. స్లైడులో దానికి జవాబు లేదు. మనవాడు పుట్టి పెరిగింది చెరువుల మధ్యే అయినా తెల్లవారుజామున గట్టు మీద ఎప్పుడూ లేడు. ఆ టైములో జనరేటరుకి డీజిల్ పట్టుకుని పరిగెత్తేది వాళ్ళ నాన్న. విరామం ప్రకటించి నాన్నకి వాట్సాప్ చేశాడు. నాన్న గట్టు మీద నుంచే నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, మధ్యలో పాలేరుని రెండు తిట్లు తిడుతూ. ఆ తిట్లు వదిలేసి మిగతాది మనవాడు ఇంగ్లీషులో చెప్పాడు. మొత్తం శిక్షణలో పిల్లలు నోట్సు రాసుకున్నది ఆ ఒక్క పూటే అని వాడే ఒప్పుకున్నాడు.

సర్టిఫికెట్ ఇప్పుడు హాల్లో ఫ్రేము కట్టి ఉంది. మెంటర్ అని మనవాడి పేరు బంగారు రంగులో అచ్చేశారు. వాళ్ళ నాన్న దాన్ని శ్రద్ధగా చదివి, ఆ పూట పాఠం తనది కాబట్టి ఆ పూట ఫీజు వెనక్కిస్తారేమో అడగమన్నాడు.